బావగారి ఆఫ్రికా తూటాలు

అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో రఘువీర్ గారింటికి వెళ్లి సోఫాలో కూర్చుంటే కిందనుంచి కరకరమని చప్పుడు వస్తుంది. కొన్ననాటి ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు. టీవీ రిమోట్‌కి తొడుగు, కొత్త కారు సీట్లకి తొడుగు, ఆ తొడుగు మాయకుండా దాని మీద పాత దుప్పటి. మంచి వస్తువుని మంచి రోజు కోసం దాచుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ మంచి రోజు మాత్రం ఆ ఇంటి గడప ఇంతవరకు తొక్కలేదు.

ఇలాంటి మనిషి ఆఫ్రికా వెళ్లి కుడూని వేటాడతానని ప్రకటించాడు. కుడూ అంటే మెలితిరిగిన పెద్ద కొమ్ముల జింక, అక్కడి ముళ్లపొదల్లో తిరుగుతుంది. ఆఫీసులో పైఅధికారి ఒకడు దాని తల గోడకి తగిలించుకున్నాడు, అది చూసినప్పటి నుంచి ఈయనకి నిద్ర లేదు. పెరట్లో ఉడుత ఎదురొస్తే పక్కకి తప్పుకునే మనిషి! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానంటే ఊరంతా నవ్వింది, నవ్వనిది ఆయన బావమరిది సత్యం ఒక్కడే. నవ్వు రాక కాదు. అక్క మొగుడి ముఖం మీద నవ్వే అలవాటు వాళ్లింట్లో లేదు.

రఘువీర్ తుపాకి ఒక్క పూటలో కొన్నాడు. తూటా ఎంచుకోవడానికి మాత్రం ఏడాది తీసుకున్నాడు. వేటగాళ్లలో కొందరు మందు కూరి తమ తూటాలు తామే చేసుకుంటారు, అది ఈయన వల్ల కాదు కాబట్టి ఫ్యాక్టరీలో చేసినదే కొనాలి. ఏ ఫ్యాక్టరీది, ఎంత బరువుది, సీసమా రాగియా అని వీడియోలు చూసి, వీకెండ్ పార్టీల్లో బిర్యానీ ప్లేటు పట్టుకుని కనపడినవాడికల్లా పాఠం చెప్పాడు.

"ఒరేయ్ సత్యం, నువ్వు వాడేది మామూలు సాఫ్ట్ పాయింట్, మొన మెత్తనిది. టెక్సాస్ జింకలకి ఓకే. ఆఫ్రికా జింకలు మొండివిరా! బుల్లెట్ భుజం ఎముక విరగ్గొట్టాలి, లోపలికి దిగాలి, దిగాక పువ్వులా విచ్చుకోవాలి. చితికిపోకూడదు. బాండెడ్ కావాలి, అంటే సీసం, రాగి విడిపోకుండా అతికించినది. బరువు టూ హండ్రెడ్ గ్రెయిన్. నేను రీసెర్చ్ చేశాను."

ఆయన రీసెర్చ్ సంగతి సత్యానికి తెలుసు. కుక్కర్ మీద రీసెర్చ్ చేసినన్నాళ్లూ అక్క సుధ పప్పు గిన్నెలో ఉడకేసుకుంది.

నిజం చెప్పాలంటే ఆయన ఎంచుకున్న తూటాలో ఏ లోపమూ లేదు. పెద్ద జంతువుకి బరువైన, గట్టి తూటా మంచిదే. అసలు వెధవ పని ఆ తర్వాత జరిగింది. తూటాల పెట్టె ఇంటికి రాగానే దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు రైఫిల్ పక్కన ఆ పెట్టెనీ దేవుడి ముందు పెట్టి, పసుపు రాసి, సరిగ్గా సీలు మీద కుంకుమ బొట్టు పెట్టాడు. ఇక అది పండగ బట్టలతో సమానమైంది. పండగ రాకముందే కొత్త బట్ట ఎవడైనా తొడుక్కుంటాడా? ఆ పెట్టెలో మొదటి తూటా జంతువుకే అన్నాడు. షూటింగ్ రేంజ్‌లో సాధనకి చవకరకం తేలిక తూటాలు తెచ్చుకుని, వాటికి తగ్గట్టు గురి చూసే స్కోప్ తిప్పుకుని, కాగితం మధ్యలో చిల్లులు పడితే ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

తుపాకికి పండగలు తెలియవు. ఒక్కో రకం తూటాని ఒక్కో చోటికి విసురుతుంది. తేలికదానికి సరిచేసిన స్కోప్‌తో బరువైనది కాలిస్తే బెత్తెడు కిందికో పక్కకో పోతుంది. ఈ ముక్క ఏ వీడియోలోనైనా చెబుతారు. కానీ కొనడం దాకా చూసి ఆపేసేవాడికి అది వినపడదు.

ఆఫ్రికాకి ముందు రిహార్సల్ కావాలన్నాడు. దక్షిణ టెక్సాస్‌లో మనుబోతులు, అంటే నీల్‌గాయ్‌లున్నాయి. ఎప్పుడో మన దేశం నుంచి తెచ్చి వదిలితే అక్కడి ముళ్లడవిలో గుంపులుగా పెరిగాయి. సత్యం ఏటా చలికాలంలో అక్కడొక పెద్ద పశువుల రాంచ్‌కి వేటకి వెళతాడు. అక్కడి గైడ్ రోసెండో ముసలివాడు, ఎక్కువ మాట్లాడడు. ఆయనది ఒకటే నియమం: జంతువు మీద కాల్చబోయే తూటాని ముందు కాగితం మీద కాల్చి చూసుకుని రావాలి. కొత్తవాణ్ని తెస్తానంటే, "కాల్చి చూశాడని నువ్వు మాటిస్తే చాలు" అన్నాడు.

"బావా, తీసుకెళ్లే బుల్లెట్స్‌తోనే స్కోప్ జీరో చేశారు కదా, గురి సరిచూసుకున్నారు కదా?" అని సత్యం ఫోన్‌లో అడిగాడు.

"అన్నీ అయిపోయాయిరా. నాకు చెప్తావా నువ్వు?"

సత్యం మాటిచ్చాడు. బయలుదేరేటప్పుడు అక్క వాకిట్లోకి వచ్చి తమ్ముణ్ని పక్కకి పిలిచింది. "ఆయన ఎవరి మాటా వినరు. నువ్వే చూసుకో. ప్రాణం తీస్తే తీశారు, ఆ మూగజీవానికి నరకం మాత్రం చూపించనివ్వకురా," అంది. సత్యం దానికీ తల ఊపాడు.

తెల్లవారాక రాంచ్‌లో ట్రక్కు వెనక రఘువీర్ పెట్టె బయటికి తీశాడు. సీలు మీద బొట్టు చెక్కుచెదరలేదు. ఆయన గోటితో సీలు చించి, వేలికంటిన కుంకుమ కళ్లకద్దుకున్నాడు. సత్యం చూశాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకుంటూ రోసెండో కాస్త దూరంలో నిలబడ్డాడు. ఒక్క మాట చాలు, వేట ఆగిపోయేది. మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ పెళ్లిపీటల మీద నాన్న చేత కాళ్లు కడిగించుకున్న మనిషి ఆయన. పరాయివాడి ముందు ఆయన్ని అబద్ధాలకోరని ఎలా అనడం? అదృష్టం బాగుంటే తగలొచ్చులే అనుకుని మింగేశాడు. అదీ సత్యం గారి మర్యాద. గౌరవమని పేరు పెట్టుకుంటే పిరికితనం ఎంత శుభ్రంగా ఉంటుందో!

నీలంగా నిగనిగలాడే మగ మనుబోతు ఒకటి తుమ్మపొదల్లోంచి బయటికి వచ్చి ఆగింది. రఘువీర్ కాల్చాడు. అది ముందుకి తూలి, లేచి, వేలాడే ముంగాలితో మూడు కాళ్ల మీద పొదల్లోకి పోయింది. రోసెండో నేల మీద నెత్తురు చూసుకుంటూ నడవడం మొదలుపెట్టాడు.

రోజంతా వెతికారు. కొత్త బూట్లకి ముళ్లు గీరుకుంటున్నాయని రఘువీర్ మధ్యలోనే ట్రక్కుకి వెళ్లిపోయి ఏసీ వేసుకున్నాడు. పొద్దు వాలే వేళకి ఎండిన కాలువలో అది కనపడింది. పడుకునే తల ఎత్తి సత్యం వైపు చూసింది. పారిపోవడానికి ప్రయత్నించింది, కాళ్లు లేవలేదు. సత్యం తన మామూలు తూటాతో దాని బాధ తీర్చాడు. వెంటనే కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

కబురు వెళ్లగానే బావగారు టోపీ సర్దుకుంటూ వచ్చేశారు. "సూపర్! ఒరేయ్, ఆ కాలు ఫ్రేమ్‌లోకి రానీకు. కొమ్ములు కనపడేలా తియ్యి," అని దాని పక్కన కూర్చున్నాడు.

రోసెండో ట్రక్కు దగ్గర చిరిగిన సీలునీ కొత్త పెట్టెనీ చూశాడు. అడిగింది మాత్రం సత్యాన్నే. "ఇవి ముందు కాల్చాడా?"

"లేదు."

"నీకు తెలుసా?"

"పొద్దున తెలిసింది."

ముసలివాడు తల ఆడించి వెళ్లి గేటు తెరిచాడు. ప్రతి ఏడాదీ వీడ్కోలు చెబుతూ, వచ్చే చలికాలానికి మళ్లీ రమ్మనేవాడు. ఈసారి అనలేదు.

హైవే ఎక్కాక రఘువీర్ ఫోన్‌లో ఏదో టైప్ చేస్తూ కూర్చున్నాడు. "వేస్ట్ బుల్లెట్ రా ఇది. వన్ స్టార్ ఇచ్చాను. ఆఫ్రికాకి ఇంకోటి రీసెర్చ్ చేయాలి." ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఈయన్ని చూసే పుట్టి ఉంటుందనుకుంటూ సత్యం స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

అంతలో ఫోన్ మోగి, కారు స్పీకర్‌లో సుధ గొంతు వినిపించింది. "ఏమండీ, ఎలా అయింది?"

"ఒక్క దెబ్బ సుధా! అక్కడికక్కడే. పాపం, దానికి తెలియను కూడా తెలీదు."

"అమ్మయ్య," అంది సుధ.

ఆ 'అమ్మయ్య' సత్యం భరించలేకపోయాడు. "లేదక్కా," అన్నాడు. బావ అతని చెయ్యి మీద కొట్టి ఆపబోయాడు, సత్యం ఆగలేదు. "పొద్దున్నించి సాయంత్రం దాకా బతికే ఉంది. కాలు విరిగి ముళ్లలో పాక్కుంటూ తిరిగింది. ఆ బుల్లెట్స్ బావ ఒక్కసారి కూడా కాల్చి చూడలేదు. పెట్టె సీలు నా కళ్లముందే చించారు."

మొగుణ్ని సుధ ఒక్క మాటా అనలేదు. ఆయన దగ్గర ఆమె ఏమైనా ఆశిస్తే కదా అనడానికి.

"నీ కళ్లముందే చించారా?" అంది. "మరి నువ్వు చూస్తూ ఊరుకున్నావా సత్యం?"