ఎదిగే గౌన్లు

వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిణ్ణి అందరూ గౌన్లక్క అంటారు. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని కూడా గలగలా నవ్వుతుంది, ఒక్క సూదీ జారదు! పిల్లలు ఎదుగుతారు కదా అని ప్రతి గౌను అంచునూ నాలుగు వేళ్ల బట్ట లోపలికి మడిచి కుడుతుంది. ఏటా కాస్త విప్పితే గౌను పొడవవుతుంది. ఆసుపత్రిలో ఆవిడ గర్భంలో మూడుసార్లు పిండాన్ని పెట్టారు. వెళ్లే ముందు ప్రతిసారీ తన బిడ్డకని ఒక గౌను కుట్టుకుంది. ఏ పిండమూ నిలవలేదు. ఎవరూ తొడగని ఆ గౌన్లను మాత్రం వారం వారం ఉతికి తలుపు వెనక తగిలిస్తుంది.

మొన్న పక్కింటి పిన్ని జాకెట్టు కోసం వచ్చేసరికి గౌన్లక్క ఒక గౌను అంచు విప్పుతోంది. "ఎవరిదే అది?" అంది పిన్ని. "మా పెద్దదానిది పిన్నీ. గౌను మోకాళ్ల పైకి వచ్చేసేంత ఎదిగిపోయింది గడుగ్గాయి!" పిన్ని నవ్వబోయి, జాకెట్టు అడక్కుండానే వెళ్లిపోయింది. ఆసుపత్రిలో దాచి ఉంచిన ఆఖరి పిండాన్ని పెట్టించుకుంటారో లేదో మర్నాడే చెప్పాలి. "ఇంక చాలు, నీ ఒళ్లు గుల్లయింది" అనడానికే భర్త లోపలికొచ్చాడు. ఆవిడ గౌను ఎత్తి చూపించింది. "మడత మొత్తం అయిపోయిందండీ. ఇంక విప్పడానికి లేదు." అతను ఆ అంచును చాలాసేపు తడిమాడు.

"దానికి కొత్తది కుట్టు," అన్నాడు చివరికి. "ఇది మళ్లీ మడిచి ఉంచు, వచ్చేదానికి పనికొస్తుంది."

ఆవిడ పెదాల మధ్య నుంచి గుండుసూది ఒకటి జారి నేల మీద టింగుమంది.