నా స్కూటర్ సగటు వేగం

సూరత్‌లోని డిండోలిలో మా ఇంటి ముందు గదిలో కోడలు తొమ్మిదో తరగతి పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతుంది. నేను ఓ మూల కుర్చీలో పేపరు చదువుతున్నట్టు కనిపిస్తాను. ఆ రోజు సగటు వేగం లెక్కలు. పుస్తకంలో ఏదో రైలు ఏదో ఊరికి పోతోంది, పిల్లలు ఆవలిస్తున్నారు. చూడలేక నోరు విప్పాను. కామ్‌రేజ్‌లో ఉన్న మా బావమరిది ఇంటికి ఇరవై కిలోమీటర్లు, స్కూటర్ మీద అరగంటలో పోతానన్నాను. లారీలు కూడా నన్ను చూసి పక్కకు జరుగుతాయన్నాను.

పిల్లలు కళ్లు పెద్దవి చేశారు. కోడలు బోర్డు మీద లెక్క వేసింది.

"సగటున గంటకు నలభై. సిగ్నళ్ల కాడ నిలబడ్డ టైం గూడ గా అరగంటలనే ఉన్నది. అంటే ఖాళీ రోడ్డు మీద డెబ్బై కొడుతున్నరన్నట్టు, ఈ వయసుల. చాబీ ఇటియ్యుండ్రి, మామా."

స్కూటర్ తాళంచెవి ఇచ్చాను. ఇచ్చాక తెలిసొచ్చింది. చాబీ లేకపోతే నాకు ఆదివారాలు లేవు. బావమరిదితో పేకాట, వేడి వేడి మిరపకాయ బజ్జీలు, ఇద్దరం కలిసి చుట్టాలందరినీ ఆడిపోసుకోవడం, అన్నీ బంద్.

అందుకే అరగంటలో పోతానన్నది అబద్ధమని ఒప్పుకున్నాను. దారిలో టీ తాగుతానని, తెలిసినవాళ్లు కనిపిస్తే ఆగుతానని, రెండు గంటలు పడుతుందని చెప్పాను. కోడలు నలభై చెరిపి పది రాసింది.

"తాతా, నా సైకిలే మీకంటే తేజ్ పోతది," అన్నాడొకడు.

పౌరుషం పొడుచుకొచ్చింది. ఆగిన సమయం తీసేసి లెక్క కట్టమన్నాను.

"మొత్తం దూరానికి మొత్తం టైం, మామా. తీసేస్తే వేగం పెరుగుతది. పెంచమంటరా?"

చాబీ ఆమె చేతిలో ఉంది. వద్దన్నాను.

చాబీ తిరిగొచ్చింది, షరతుతో. నేను బయల్దేరగానే కోడలు గడియారం చూస్తుంది. చేరగానే బావమరిది భార్య ఫోన్ చేసి చెబుతుంది. సగటు పది దాటిందా, స్కూటర్ మూలకే.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఆ రెండు గంటలు కూడా నేను కోసిన కోతే. ఎంత నింపాదిగా పోయినా గంట పడుతుంది. మిగిలిన గంట ఇప్పుడు కామ్‌రేజ్ పొలిమేరలో ఒక టీ కొట్టు ముందు కూర్చుంటున్నాను. బావమరిది ఫోన్ చేసి బజ్జీలు చల్లారుతున్నాయని తిడతాడు. సూరత్‌లో అందరూ ట్రాఫిక్ తగ్గాలని మొక్కుకుంటారు. నాకు మాత్రం రోడ్డు ఖాళీగా కనిపిస్తే దిగులు, ఇంకో టీ తాగాల్సి వస్తుందని.