ఒక్క ఫీజు, ముగ్గురు రోగులు

ఒక్క డాక్టరు ఫీజు కట్టి ముగ్గురి రోగాలు చూపించుకోవడానికి బయలుదేరిన మొనగాడు హిందూపురంలో నేనొక్కడినే. ఇంకొకడున్నాడని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ రోజుల్లో మా ఇంట్లోకి బేరం జరగకుండా ఏ వస్తువూ గడప దాటి వచ్చేది కాదు. మా నాయనది బెల్లం, చింతపండు మండీ. నాకు మీసం రాకముందే తువ్వాల కింద చెయ్యి పెట్టి, ఎదుటివాడి వేళ్లు నొక్కి ధర చెప్పడం వచ్చేసింది (పక్కనున్న వ్యాపారికి ధర తెలియకూడదని మండీలో అలా గుట్టుగా బేరమాడేవాళ్లం, ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని రూపాయలన్నమాట). ధర్మవరంలో మా అక్కకు పట్టుచీర కొన్నప్పుడు బేరం తెంపింది నేనే. నేసినాయన చీర చేతికిస్తూ, "మగ్గం కూడా ఎత్తుకొని పో నాయనా" అన్నాడు. అది పొగడ్త అని చాలాకాలం అనుకున్నాను.

అలాంటి నాకు మా డాక్టరయ్య వసారాలో వేలాడే చెక్కబోర్డు ఎదురైంది. "రోగులు ఉన్నది ఉన్నట్టు చెప్పవలెను. సీసా కడిగి తేవలెను. ఫీజు తగ్గించమని అడగరాదు." (మిక్స్చరు మనం తీసుకెళ్లిన సీసాలోనే పోసేవాళ్లు లెండి.) మొదటి రెండు మాటలూ నా కళ్లకు ఆనలేదు. మూడోది చదవగానే ప్రాణం లేచొచ్చింది. తగ్గించని మనిషికి అలా రాసి పెట్టుకోవాల్సిన అవసరమేముంది? మా మండీలోనూ "ఒకటే ధర" అని బోర్డు ఉండేది. దాని కిందే కూర్చుని నాయన పొద్దస్తమానం తగ్గించేవాడు.

అసలు కథ మా అవ్వ కాలితో మొదలైంది. కొత్త చెప్పు కరిచి చిటికెనవేలి దగ్గర పుండైంది. పసుపు పెట్టినా, ఆముదం రాసినా మానలేదు. దానికి తోడు ఒకటే దప్పిక. పక్కన పెట్టుకున్న చెంబు చాలక కడవ దగ్గరికే పోయేది. "నేను ఆడికి రాను. మొగోడు నా కాలు పట్టుకుంటే నా మర్యాద ఏం గావల్ల? నువ్వే పోయి చెప్పి మందు తేపో" అని నడుము సంచిలోంచి రెండు రూపాయల ఫీజు తీసిచ్చింది. ఇంట్లో వాళ్ల రోగం ఇంకొకరు పోయి చెప్పడం అప్పట్లో వింతేమీ కాదు.

నేను వెంటనే పోలేదు. బండి నిండకుండా స్టేషనుకు సరుకు పంపే అలవాటు మా మండీలో లేదు. ఒక్క రోగానికి ఒక ఫీజా? ఇంకో ఒకటి రెండు చేరనీ అని ఆగాను. వారం తిరిగేసరికి, పెనుకొండ సంతలో తిన్న మిరపకాయ బజ్జీల పుణ్యమా అని నాయనకు గుండెల్లో మంట మొదలైంది. నాకు జలుబూ దగ్గూ పట్టుకున్నాయి. బండి నిండింది. నాయనకు మండీ వదిలే తీరిక లేదు కాబట్టి ఆయన ఫీజూ నా ఫీజూ కూడా నా చేతికే వచ్చాయి. ముగ్గురి రోగాలూ నా ఒక్కడివేనని చెప్పి, మిగిలిన నాలుగు రూపాయలు సాయంత్రం గల్లాపెట్టె మీద పరిచి, నాయన నోరు తెరుచుకుని చూస్తుంటే మురిసిపోవాలని నా ఆలోచన. ఒక సీసా మాత్రం శుభ్రంగా కడిగి బయలుదేరాను.

"ఏమప్పా, ఏమయింది?" అన్నాడు డాక్టరయ్య. ఏకబిగిన అప్పజెప్పాను: దగ్గు, ముక్కు కారడం, తిన్నాక గుండెల్లో మంట, ఎన్ని నీళ్లు తాగినా తీరని దప్పిక, కాలికి మానని పుండు. రాస్తున్న కలం ఆగిపోయింది. "వయసెంత?" అన్నాడు. "ఇరవై సార్." ఆయన ముఖంలో ఆందోళన కనిపించింది. నేనది సరుకు మీద గిరాకీ అనుకున్నాను. నాడి చూడడానికి ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. బల్ల మీద చేతులు తుడుచుకునే తువ్వాల ఉంది. బేరానికి ఇంతకన్నా పిలుపేం కావాలి? తువ్వాలను మా ఇద్దరి చేతుల మీదికీ లాగి, ఆయన వేలు ఒకటి గట్టిగా నొక్కాను. రెండు రూపాయల ఫీజుకు నా మాట ఒక్క రూపాయి! ఆయన ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. "ఏం చేస్తాండావు?" అని, కాంపౌండరు వైపు తిరిగి, "నరాలకు కూడా పాకినట్టుండాదే" అని గొణిగాడు.

నా మూత్రం గాజుగొట్టంలో పోసి, నీలం మందు కలిపి, స్పిరిటు దీపం మీద కాచారు. చక్కెర ఉంటే రంగు మారాలట, నీలం నీలంగానే ఉండిపోయింది. "చక్కెర ల్యా. మరి ఆ దప్పిక యాడనుంచి వచ్చింది? యాదీ, పుండు చూపించు" అన్నాడు డాక్టరయ్య. మండీలో సరుకు చూపించమంటే, గోదాములో ఉందంటాం. నోరు అలవాటు ప్రకారం ఆడేసింది.

"పుండు ఇంటికాడ ఉండాది సార్."

మందుల గది కిటికీలోంచి కాంపౌండరు తల బయటపెట్టి, "ఏమప్పా, ఎలకలు ఎత్తుకొని పోకుండా తాళం ఏసొచ్చినావా?" అన్నాడు. నవ్వులతో వసారాలో బెంచీలు ఊగిపోయాయి. డాక్టరయ్య మాత్రం నవ్వలేదు. నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి, "ఎవురిది?" అని మెల్లగా అడిగాడు. చెప్పాను. "రంగెట్లుండాది?" "నిన్నటినుంచి నల్లగా..." ఆయన ముఖం మారిపోయింది. "ఆ దప్పికా ఆ పుండూ ఒకే మనిషివైతే అది చక్కెర జబ్బప్పా. నీ మాట నమ్మి దగ్గుమందు పోసి పంపింటే ఆమె కాలు పోయుండేది. బోర్డు మీద మొదటి మాట నా కోసరం రాసుకున్నాననుకుంటివా?" కడిగి తెచ్చిన సీసాను వీపు వెనక దాచుకున్నాను.

బెంచీల మీదివాళ్లను ఓర్చుకోమని చెప్పి, ఆయన అప్పటికప్పుడే జట్కాలో మా ఇంటికి వచ్చాడు. అవ్వ చూడగానే కాలు కుచ్చెళ్లలోకి లాక్కుంది. "ఈయప్పనెందుకు పిల్చుకొస్తివిరా?" పట్టి చూపిద్దామని నేను వంగాను. "నువ్వు బయటికి పో. ఆమె చెప్పేది ఆమెకూ నాకూ మధ్య" అన్నాడు డాక్టరయ్య. మా ఇంట్లోంచి నన్నే బయటికి పొమ్మనడమా! నిర్ఘాంతపోయి వెళ్లాను (వెళ్లి తలుపుకు చెవి ఆనించాను).

"అవ్వా, కాలు నీది. నువ్వు సరే అనకుండా ముట్టను. ఉండేది దాచకుండా చెబుతా. ఏం చేయల్లనో నువ్వే చెప్పు."

"నన్నడిగి చేస్తావా?" అంది అవ్వ. ఆ గొంతులో అంత ఆశ్చర్యం నేనెప్పుడూ వినలేదు. పెళ్లి మొదలు ఏ సంగతిలోనూ ఆమెను అడిగి చేసినవాళ్లు లేరు. "కాలు పోతాదా?"

"వేలు పోయేటట్టుండాది. దినానికి రెండు సూదులేసి కాలు నిలబెట్టేకి చూస్తా. వారం ముందు చూసింటే వేలు కూడా నిలిచేది."

బండి నిండాలని నేను ఆగిన వారం అది. లోపల అవ్వ గొంతు సవరించుకుంది. "సరే. అయితే రెండు సూదులెందుకు, ఒకటి చేసుకో."

"దీంట్లో బేరం ల్యా అవ్వా."

"అట్లని బోర్డు పెట్టుకోగూడదా?"

"పెట్టినా. మీ ఇంటోళ్లే చదివేది ల్యా."

వేలు పోయింది, కాలు నిలిచింది. బజారులో నవ్వులు విని నాయన డాక్టరయ్యనే అడిగాడు: "మావోడు మీకాడ ఏం చేసినాడు సార్?" "ఆయన నా రోగి. ఆయన సంగతి ఆయన్నే అడుగు" అన్నాడాయన. వేలు నొక్కి బేరమాడినవాడికి కూడా అంత మర్యాదా! ఆ దెబ్బకు నేనే అంతా కక్కేశాను. నాయన తిట్టలేదు. "ఒకటే ధర" బోర్డు వైపు కాసేపు చూసి, లేచి దాన్ని గోడకు తిప్పిపెట్టాడు.

ఇప్పుడు నాది ఆనాటి అవ్వ వయసు. డాక్టరమ్మ ముందు కూర్చుంటే నా రోగాలన్నీ, నావి మాత్రమే, అడక్కముందే చెబుతాను ("చాలు తాతా" అనేదాకా). అప్పుడప్పుడూ బెంచీ చివర కడిగిన సీసాతో ఆ ఇరవై ఏళ్లవాడు కూర్చున్నట్టు తోస్తుంది. ఎంత ధీమాగా ఉంటాడో వెధవ! పక్కకు జరిగి చోటిస్తాను.

ఇక లెక్క. మిగలాల్సినవి నాలుగు రూపాయలు, అవి మిగల్లేదు. జట్కా, సూదులు, ఆసుపత్రి నాయన ఖాతాలో పోయాయి. నా ఖాతాలో పడింది ఒక్కటే. కట్టు విప్పిన రోజు అవ్వ పాదం చాపి, దాని మీద తువ్వాల కప్పి, నా చెయ్యి పట్టి కిందికి తోసింది.

"ఎంచు."

ఎంచాను.

"ఐదు వేళ్ల సరుకు నాలుగుకు తెంపినావు. నీయంత బేరగాడు హిందూపురంలోనే లేడు పో" అని పకపకా నవ్వింది. తువ్వాల తీయడానికి నాకు చెయ్యి రాలేదు.