పన్నెండూ ముప్పై అయిదుకు వచ్చే కబురు

మా సారు చనిపోయిన వార్త నాకు ఒకే రోజు రెండుసార్లు అందింది. పొద్దున ఆయన తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. పది గంటలకు అదే వార్త ఆఫీసు కంప్యూటర్‌లో, నాకు అప్పగించిన పనిగా వచ్చింది: ఈ ఉద్యోగి లాగిన్ ఈరోజే మూసేయాలి. ఆ పని తెలిసినవాళ్లం మా గదిలో ఇద్దరమే. ఒకరు ఆయన.

సూరత్ పక్కన హజీరాలో మా ఫ్యాక్టరీ సర్వర్ గదికి ఆయన పెద్ద. కరీంనగర్ వైపు మనిషి. మావాళ్లూ అటువాళ్లే, నేను మాత్రం సూరత్‌లోనే పుట్టాను. మా బాపు సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే.

మొదటిసారి లాక్‌డౌన్ ఎత్తేశాక ఉద్యోగంలో చేరాను. అప్పుడు కంపెనీ బస్సుల్లో సగం సీట్లే నింపేవారు. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టుకు ఎవరు ఏ బస్సు ఎక్కాలో రోజూ పన్నెండున్నరకు జాబితా వెళ్లాలి. అది రాకపోతే ఇచ్ఛాపూర్ బస్‌స్టాపు దగ్గర మనుషులు ఎండలో నిలబడిపోతారు. ఆ జాబితా దానంతట అదే వెళ్లేలా చేయడం నా మొదటి పని. నేను కూర్చుని నడిపితే చక్కగా వెళ్లింది. వేళకు దానంతట అది వెళ్లమంటే వెళ్లలేదు. భయపడి, అది వాడే ఫోల్డర్లన్నింటి మీదా అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చేశాను.

ఆయన చూసి అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏంది బిడ్డా, తాళంచెయ్యి దొరకలేదని తలుపే పీకేస్తవా?"

"నేను నడిపితే నడిచింది సార్."

"నువ్వు ముందర కూసుంటె ఏదైనా నడుస్తది. నువ్వు లేనప్పుడు నడవాలె. మీ బాపు సాంచాల పోగు తెగితే ఏం జేస్తడు? సాంచా మొత్తం విప్పుతడా?"

"లేదు సార్. తెగిన పోగు ఎతికి ముడేస్తడు."

"గంతే. మనది యాడ తెగిందో జర చూద్దాం పా."

వేళకు నడిచే ప్రతి పనీ ఏదో ఒక లాగిన్ మీద నడుస్తుంది. నా జాబితా సర్వర్ సొంత లాగిన్ మీద ఉంది. దానికి హాజరు ఫోల్డర్ చూసే పర్మిషన్ లేదు. తెగిన పోగు అదొక్కటే. నేను ఇచ్చినవన్నీ తీసేసి, ఆ ఒక్కటే ఇచ్చారు. అదీ చదవడానికి మాత్రమే. ఇంట్లో ఈ కథ చెబితే బాపు నవ్వాడు. "అయితే నీది గూడ సాంచా పనే. పోగులు కనవడయి, గంతే." నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో అర్థమైంది ఆ రోజే.

సారు గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుండేది. "మనిషి పేరు మీద పని పెట్టొద్దు బిడ్డా. మనిషికి సెలవులుంటయి."

మధ్యాహ్నం బల్లకు ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చునేవాళ్లం. ఎంత ఆకలైనా టిఫిన్ వెంటనే విప్పేవారు కాదు. పన్నెండూ ముప్పై అయిదుకు ఫోన్ చూసి తల ఊపేవారు. "చేరింది. ఇగ తిందాం." బస్సు డ్రైవర్లలో ఎవరో ఆయనకు కబురు పెడతారనుకునేదాన్ని.

రెండో ఏడాది ఎండాకాలంలో ఆయనకు కరోనా జ్వరం వచ్చింది. ఇంటి నుంచీ, తర్వాత హాస్పిటల్ నుంచీ అదే వేళకు నాకు మెసేజ్ పెట్టేవారు: "చేరింది. తిను." హాస్పిటల్‌లో నాలుగో రోజు తర్వాత ఆ మెసేజ్ రాలేదు.

ఆ రోజు పది గంటలకు లాగిన్ వెంటనే మూయలేదు. హాజరు, గేటు పాసులు, ఇలా జాబితాకు కావలసిన పనులన్నీ ఆయన ఎప్పుడో పెట్టినవే. వాటిలో ఒక్కటి ఆయన పేరు మీద ఉండిపోయినా, లాగిన్ మూసిన క్షణమే ఆగుతుంది. రెండింటి షిఫ్టు బస్సులు ఆగుతాయి. పనుల పట్టిక తెరిచి ఒక్కొక్కటే చూశాను. పాతవన్నీ సర్వర్ లాగిన్‌కు మారి ఉన్నాయి. మార్చిన తేదీలు చూస్తే, ఆయన జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజులవి. రోజుకు రెండు, మూడు.

చిట్టచివర ఒకే ఒక్కటి ఆయన పేరు మీద మిగిలింది. నేను చేరిన వారంలో పెట్టినది. నా జాబితా వెళ్లిందో లేదో పన్నెండూ ముప్పై అయిదుకు చూసి, ఒక ఫోన్‌కు కబురు పంపడం దాని పని. ఆ నంబరు ఆయనది.

లాగిన్ మూసేశాను. పన్నెండున్నరకు జాబితా వెళ్లింది. ఏదీ ఆగలేదు. అయిదు నిమిషాలకు పట్టికలో ఆ ఒక్క వరుస ఎర్రబడింది: అనుమతి లేదు.

ఆయన అంత్యక్రియలకు వెళ్లనివ్వలేదు. సంతాప సభ కూడా జరగలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆ పని సర్వర్ పేరుకు మార్చి, నా నంబరు పెట్టడం ఒక్క నిమిషం పని. ఎలాగో ఆయనే నేర్పారు. ఇంకా మార్చలేదు. రోజూ బల్లకు ఈ చివర కూర్చుంటాను. ఆ వరుస ఎర్రబడేదాకా చూసి, అప్పుడు టిఫిన్ విప్పుతాను.