నాన్న పోలిక

ఆ వీధిలో ఆడవాళ్ల జాకెట్లు కుట్టే ఆవిడను అందరూ కొలతలమ్మ అనేవారు. మనిషిని గుమ్మంలో చూసి ఛాతీ, నడుము అంగుళాల్లో చెప్పెయ్యగలదు. ఆవిడ కొలవలేకపోయింది ఒక్కటే, చెల్లెలి మీద తన అసూయ. దాని వయసు చెల్లెలి వయసుకంటే నాలుగు నెలలు ఎక్కువ. అమ్మ కడుపు ఎత్తుగా కనపడిననాడే మొదలైందని ఆవిడే ఒప్పుకునేది.

పుట్టిన పిల్ల తల్లి రంగు, తల్లి జుట్టు, తల్లి బుగ్గసొట్ట ఒక్కటీ వదలకుండా పట్టుకుపోయింది. వచ్చిన చుట్టాలు "చిన్నది అచ్చం తల్లే!" అని మురిసిపోయి, పెద్దదాని వైపు తిరిగి, కాస్త ఆగి, "ఇది వాళ్ల నాన్న పోలిక" అనేవారు. ఆ కాస్త ఆగడం కొలతలమ్మ యాభై ఏళ్లయినా మరచిపోలేదు.

అందుకని పంపకాలు తానే చేసేసుకుంది. అమ్మ చెల్లెలిది, నాన్న తనది. దర్జీ తండ్రి చప్పిడి ముక్కూ, ముక్కు మీది కోపమూ, ఎడమచేతి వాటమూ ఆవిడకే వచ్చాయి. ఇంకెవరి చేతికీ లొంగని ఆయన ఎడమచేతి కత్తెర కూడా. మొహాల దగ్గర చూపిన పక్షపాతం దేవుడు మెడ కింద చూపలేదు. అక్కచెల్లెళ్ల కొలతలు ఒకటే. చెల్లెలి జాకెట్లన్నీ ఆవిడ తన ఒంటి మీదే వేసి సరిచూసుకునేది. టేపు పట్టిన పాపాన పోలేదు.

యాభై రెండో ఏట చెల్లెలికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. మంచం చుట్టూ మూగిన జనాన్ని చూసి కొలతలమ్మ కడుపు మండింది. మండినందుకు సిగ్గేసి, వరండాలోకి పోయి గోడతో మాట్లాడి వచ్చింది.

తర్వాత చెల్లెలి రక్తపరీక్షలో ఒక జన్యువులో లోపం బయటపడింది. అక్కను కూడా పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ కబురు చేసింది.

"అమ్మ పోలిక వాళ్లకొచ్చే జబ్బమ్మా ఇది. నేను నాన్న పోలిక. నాకెందుకు?" అంది కొలతలమ్మ ధీమాగా.

డాక్టరమ్మ కాగితం మీద కుటుంబమంతా గీసింది. తల్లి వైపు అందరూ నిండు నూరేళ్లు బతికినవాళ్లే. తండ్రి వైపు మేనత్త ముప్పై తొమ్మిదో ఏట రొమ్ము గడ్డతోనూ, ఆవిడ కూతురు అండాశయం క్యాన్సర్‌తోనూ పోయారు.

"మొహం పోలికకీ దీనికీ సంబంధం లేదమ్మా. ఇది తండ్రి నుంచైనా రావచ్చు. మీ ఇంట్లో బహుశా నాన్నగారి వైపు నుంచే వచ్చి ఉంటుంది. అలాగైతే మీకు ఉండే అవకాశం సగానికి సగం."

భయపడాల్సిన చోట కొలతలమ్మకు ఒళ్లు మండింది. పక్క కుర్చీలో ఉన్న చెల్లెలి మీదికి తిరిగింది. "నీకు అమ్మ చాలలేదటే?"

"నేనేమైనా చెయ్యి చాచి అడిగానా అక్కా?"

ఈ ఇంటి రాజ్యాంగం తెలియని డాక్టరమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది. నెలసరి ఎన్నో ఏట మొదలైంది? పదకొండు. ఎప్పుడు ఆగింది? యాభై ఐదు. పిల్లలు? లేరు. ఒంట్లో ఆవిర్లు తగ్గడానికి హార్మోన్ మాత్రలు? రెండేళ్లుగా.

"ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను ఒంట్లో ఎక్కువేళ్లు పనిచేసిన కొద్దీ ముప్పు కొంచెం కొంచెం పెరుగుతుందమ్మా. ఇవన్నీ ఆ లెక్కలోవే. వచ్చి తీరుతుందని కాదు, జాగ్రత్త పడాలని."

చెల్లెలికి పద్నాలుగో ఏట మొదలై నలభై ఎనిమిదికి ఆగింది, ఇద్దరు పిల్లలు. జీవితంలో మొదటిసారి చెల్లెలికంటే తనకు ఎక్కువ దక్కింది. కొలతలమ్మ ఎడమచెయ్యి చాపి రక్తమిచ్చింది.

ఫలితం రావడానికి మూడు వారాలు. ఆ మూడు వారాల్లో ఒక జాకెట్టుకు రెండూ ఎడమచేతులే కుట్టింది. ఒక మధ్యాహ్నం చెల్లెలి కోసం కొత్తగా కుట్టిన జాకెట్టు అలవాటుగా తన ఒంటి మీద వేసుకుని అద్దం ముందు నిలబడింది. తనకు రెండు వైపులా సరిగ్గా సరిపోయింది. నెమ్మదిగా విప్పేసింది.

ఫలితం చెప్పేరోజు చెల్లెలే వెంట వచ్చింది. "మీకు ఆ లోపం లేదు. కానీ మిగతావి ఉన్నాయిగా, ఏటా పరీక్షకు రావాలి. ఆ మాత్రల సంగతి కూడా మాట్లాడుకుందాం" అంది డాక్టరమ్మ.

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని వలవలా ఏడ్చింది. కొలతలమ్మకు ప్రాణం లేచొచ్చింది. దాని వెనకాలే, పిలవని పేరంటాలిలా, పాత మంట కూడా.

"నాన్న ఇది నీకే ఇచ్చాడన్నమాట!"

చెల్లెలు ఏడుపులోంచే నవ్వింది. "ఒక్కటిచ్చాడులే అక్కా. ముక్కు నువ్వే ఉంచుకో."

అట్నుంచటే ఇద్దరూ అక్క జాకెట్లు కుట్టే కొట్టుకు వచ్చారు. కొలతలమ్మ టేపు తీసింది.

"నాదీ నీదీ ఒకటేగా, కొలవడం ఎందుకు?"

"ఇప్పుడు ఒకటి కాదు. నిటారుగా నిలబడు."

కుడి వైపు కొలిచింది. ఎడమ వైపు టేపు చదునుగా పరుచుకుంది. లోపల దూది ఎంత పెట్టాలో వేళ్లతో చూసుకుంది. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీసి పైన 'చెల్లెలు' అని రాసింది. నడుము రెండంగుళాలు తగ్గింది.

"నీకేమే, నాజూగ్గా అయిపోయావు" అంది అలవాటుకొద్దీ. అని, కొలిచిన నడుము చుట్టూనే టేపు మళ్లీ తిప్పింది. తిప్పిన టేపు వదల్లేదు. చెల్లెలు కదలకుండా నిలబడింది, ఇంకా కొలవాల్సింది ఉందేమోనని.