రుష్దీ బాబాయ్‌కి పడని పెన్సిలిన్

అలెగ్జాండ్రియాలో నా మందుల షాపుకి ఎదురుగా రుష్దీ బాబాయ్ కాఫీ గింజలు వేయించి అమ్ముతాడు. గింజ ఎంత వేగిందో నలభై ఏళ్లుగా వాసనతోనే చెప్పే మనిషి. కిందటి జనవరిలో ఆ ముక్కు కాస్తా మూసుకుపోయింది. రెండు రోజుల్లో రెండు వాయిలు మాడ్చాడు. మాడిన సంగతి వీధంతటికీ తెలిసింది, ఆయనకి తప్ప.

మూడోరోజు తలకి మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. ఇక్కడ మందుల షాపువాళ్లనీ డాక్టరనే పిలుస్తారు.

"డాక్టరమ్మా, మా బావమరిది వాడిన మూడు మాత్రల యాంటీబయాటిక్ ఇవ్వు. గట్టి మందట."

"ఇది జలుబు బాబాయ్. దీనికి ఏ యాంటీబయాటికూ పని చెయ్యదు. నొప్పికి పారాసిటమాల్ వేసుకో, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కో. పది రోజులకీ తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదిరినా అప్పుడు చూద్దాం."

"ఉప్పునీళ్లా? సముద్రం పక్కన పెట్టుకుని అందుకోసం నీ దగ్గరికి రావాలా?"

ఆ రోజంతా నా షాపులో మంచి మందులు లేవని కొనేవాళ్లందరికీ చెప్పాడు.

అయిదోరోజుకి తేలికపడ్డాడు. ఎనిమిదోరోజున జ్వరం వచ్చింది. ఎడమ బుగ్గ నొప్పి, వంగితే తల పగిలిపోతోంది. ఈసారి నేనే డాక్టరు దగ్గరికి పంపాను. వాళ్లక్క ఇన్సాఫ్‌ని వెంటబెట్టుకుని చీటీతో తిరిగొచ్చాడు. అందులో డాక్సీసైక్లిన్ ఉంది.

"మామూలుగా ముందు అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిపింది రాస్తారే," అన్నాను.

"పెన్సిలిన్ జాతి నాకు పడదని చెప్పాను. చిన్నప్పుడు ఆ ఇంజక్షన్‌కి చచ్చి బతికాను."

"ఏమైంది? దద్దుర్లా, ఆయాసమా?"

బాబాయ్ నోరు తెరిచేలోపే ఇన్సాఫ్ అందుకుంది. "సూది గుచ్చితే కదమ్మా ఏదైనా అయ్యేది. నర్సు ఇంకా సిరంజిలోకి మందు తీస్తుంటేనే వీడు వెల్లకిలా పడ్డాడు. వీడికి మందు పడకపోవడం కాదు, వీడే పడ్డాడు."

"అక్కా, వయసు మీద పడి నీకు మతిమరుపు."

"మరి కిందటేడు పంటినొప్పికి వారంపాటు మింగావే, ఆ అమాక్సిసిలిన్?"

బాబాయ్ నావైపు తిరిగాడు. "అదీ ఇదీ ఒకటేనా?"

"తోబుట్టువులు," అన్నాను.

డాక్టరుకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆవిడ కాసేపు నవ్వి, తర్వాత రెండు ప్రశ్నలు వేసి, నేనన్న ఆ కలిపిన మందుకే మార్చింది. అయిదు రోజులు, పూటకొకటి చొప్పున రోజుకి రెండు, తిన్నాక. మొదటి మాత్ర నా ఎదుటే వేసుకుని, తనకేమైనా అవుతుందేమోనని కుర్చీలో గంటసేపు కూర్చున్నాడు. ఏమీ కాలేదు. కాస్త నిరాశపడ్డట్టే ఉన్నాడు.

మూడోరోజుకి నొప్పి తగ్గింది. మిగతా మాత్రలు బావమరిదికి దాచబోతుంటే ఇన్సాఫ్ పట్టుకుని పూటపూటా మింగించింది.

వాసన మాత్రం ఫిబ్రవరిలోగానీ రాలేదు. ఓ పొద్దున షాపులోంచే మేడమీది వాళ్లింటికి కేకేశాడు: "అక్కా, ఆ నూనె మార్చు, పాతది." పైన వంకాయలు వేయిస్తున్న ఇన్సాఫ్ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.