పెద్దమ్మ తినని పాస్తా

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: కాగితం మీద పెట్టిన పని చెడిపోదని. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి పదవీ విరమణ దాకా డైరీ రాయకుండా ఒక్క రోజు కూడా నిద్రపోలేదు. ఎండా వానా, ఎవరొచ్చారు, ఏం తిన్నాను, చొక్కా గుండీ ఏ రోజు ఊడింది, అన్నీ అందులో ఉంటాయి. (గుండీ మళ్ళీ కుట్టించిన తేదీ కూడా ఉంటుంది. మా ఆవిడ ఈ సంగతి ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తుంది.) అంత పద్ధతిగల మనిషి ఒకే ఒక్క పూట వంట చేసి ఎంత పని చేశాడో చెబుతాను.

తొంభైల నడుమ అరకు దగ్గర ఒక కాఫీ నర్సరీలో ఫీల్డ్ అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. డుంబ్రిగుడ అవతల, ఒక గిరిజన రైతు ఇంటిని ఆనుకుని ఉన్న గదిలో నా బస. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ, ఆమె కోడలు. పెద్దావిడను నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. మొదటి వానాకాలమే మలేరియా పట్టి మంచాన పడితే, వారం పైగా పొద్దునా సాయంత్రం చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి తెచ్చేది. ఎలా ఉందని కూడా అడగదు. గిన్నె పెట్టి "తాగు" అని నిలబడుతుంది, తాగేదాకా కదలదు. లేచి తిరగగలిగాక చీర కొనిస్తానన్నాను. "నాకు సీరెందుకు బాబూ, ఉన్నాయి. నీ సేతి కూడు ఒక్కపాలి ఎట్టు, తింతాను. ఎప్పుడూ నా సెయ్యే పైనుండాలా ఏటి?" అంది. సరేనన్నాను. రెండేళ్ళు గడిచాయి, ఆమె చెయ్యే పైన ఉంటూ వచ్చింది.

కార్తీకం వెళ్తున్న రోజుల్లో అనకాపల్లికి బదిలీ అయింది. నాలుగు రోజులే గడువు. పెద్దమ్మకు ఇచ్చిన మాట అప్పుడు గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఇక్కడొక చిక్కు: నాకు వంట రాదు. హోటల్లో తినేవాణ్ణి, లేకపోతే పెద్దమ్మ పెట్టేది. నా దగ్గర రాసిపెట్టి ఉన్న వంట ప్రపంచంలో ఒక్కటే. ఓడలో వంటవాడుగా తిరిగే మా బావ, ఆ నెలే సెలవుకు విశాఖలో దిగినప్పుడు ఒక పాస్తా పొట్లం ఇచ్చి, రొయ్యలూ కూరగాయలూ వేసి దాన్ని ఎలా వండాలో చెప్పాడు. వరస అంకెలు వేసి డైరీలో ఎక్కించుకున్నాను. "తేలిగ్గా ఉండాలిరా. వెల్లుల్లి, మిరియం, నిమ్మరసం, అంతే. మసాలా వేశావో, నా పేరు చెప్పకు" అన్నాడు బావ. పప్పుచారు వండటం ఎవరూ నాకు అంకెలు వేసి చెప్పలేదు కాబట్టి, పెద్దమ్మకు పాస్తాయే అని నిశ్చయించాను.

ప్రయాణానికి ముందు రోజు పొద్దుటి పాసింజరులో, తెలిసిన మనిషి చేత బావ ఐసు పెట్టిన డబ్బాలో రొయ్యలు పంపాడు. కారెట్టు సంతలో దొరికింది. ఐదో అంకె దగ్గర "బీన్స్" అని ఉంది. అవి ఎక్కడా దొరకలేదు. దిగులుగా ఇంటికొచ్చి తల ఎత్తితే, పెద్దమ్మ పశువుల పాక మీద చిక్కుడు పాదు గుత్తులు గుత్తులుగా కాసి ఉంది. ఇంత లేత కాయలు ఒక్కటీ కోయకుండా వదిలేశారేమిటి, పాపం వీళ్ళకి తీరిక లేనట్టుంది అనుకున్నాను. అత్తా కోడళ్ళు పొలంలో ఉన్నారు. వాళ్ళకు తెలియకుండా వండి ఆశ్చర్యపరచాలని రెండు గుప్పిళ్ళు కోశాను. డైరీ అంచున "బీన్స్ బదులు చిక్కుడు" అని రాసి, పక్కన "భేష్" అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

కిరసనాయిలు స్టవ్ మీద యుద్ధం మొదలైంది. పాస్తా పుల్లలు గిన్నె కంటే పొడుగు. విరవమని బావ చెప్పలేదు. విరవకూడదనీ చెప్పలేదు. లేఖనంలో లేని పని నేను చేయను కనుక, సగం నీళ్ళలో, సగం గాల్లో ఉన్న ఆ కట్ట ఎప్పుడు వంగుతుందా అని గడియారం పట్టుకుని నిలబడ్డాను. చివరికి కింది సగం ముద్దయింది, పై సగం చీపురుపుల్లల్లాగే మిగిలింది. చోళ్ళు కడిగే వెదురు బుట్టలో వార్చి, వెల్లుల్లి, రొయ్యలు, కారెట్టు, చిక్కుడు అన్నీ కలిపి నిమ్మకాయ పిండాను. నిజం చెప్పొద్దూ, వాసన బాగానే వచ్చింది.

పొద్దు వాలుతుండగా ఇద్దరినీ కూర్చోబెట్టి పళ్ళేలు పెట్టాను. కోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఏటి బాబూ ఇయి? ఎర్రలు ఉడకేసినావేటి?" (ఎర్రలంటే వానపాములు.)

"ఊరుకోయే. బాబు కట్టపడి సేసినాడు" అంటూ పెద్దమ్మ చెయ్యి కడుక్కుని పళ్ళెం మీదికి వంగింది. వేళ్ళతో ఒక పోగు పైకెత్తింది. ఆ పోగుకి అంటుకుని ఒక పచ్చని ముక్క వచ్చింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కోడలు నవ్వు కూడా ఆగింది. "అత్తా, ఇది సిక్..." అని ఏదో అనబోతే, పెద్దమ్మ కళ్ళతోనే నోరు మూయించింది. పోగు మెల్లగా పళ్ళెంలో పెట్టేసి, "పన్ను నొప్పిగున్నాది బాబూ. తరవాత తింతాను" అంది.

"అయితే నువ్వు తిను వదినా."

"నాకూ పన్నే బాబూ" అంది కోడలు.

ఇద్దరికీ ఒకేసారి పన్ను నొప్పి! ఒళ్ళు మండింది. రెండేళ్ళ నా మాట, రైలెక్కి వచ్చిన రొయ్యలు, గడియారం పట్టుకుని నిలబడ్డ నా కాళ్ళు, అన్నీ కలిసి నోటికొచ్చాయి. "నచ్చకపోతే నచ్చలేదని చెప్పు పెద్దమ్మా. నీ అంబలి నేను ముక్కు మూసుకుని తాగలేదా?"

పెద్దమ్మ నా ముఖంలోకి చూసింది. "తాగినావు బాబూ. తాగినావు" అంది. పళ్ళెం మీద ఆకు కప్పి, జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు జీపు దగ్గరికి చోడి పిండి మూట పట్టుకొచ్చింది. తీసుకున్నాను. జీపు కదిలేటప్పుడు ఆమె నిలబడ్డ వైపు చూడలేదు.

ఏడాది చివర పాత డైరీలకు అక్షర క్రమంలో సూచిక తయారు చేసుకోవడం నా అలవాటు. అనకాపల్లిలో 'చ' దగ్గరికి వచ్చాను: చలి, చాప, చిక్కుడు. ముందు ఏడాది పేజీ తీస్తే నా దస్తూరీయే. "ఈ రోజు పెద్దమ్మ ఇంట చిక్కుడు కొత్త పండుగ. ఊరి దేవతకు పెట్టకముందు ఈ ఏటి కాయ ఎవరూ కోయరు, నోట పెట్టరు. గుర్తుంచుకోవాలి." కింద ఎర్ర సిరాతో రెండు గీతలు.

ఉత్తరం రాశాను, మూడుసార్లు చింపాను. ఆ ఇంట చదివేవాళ్ళు లేరని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. అనకాపల్లి నుంచి అరకు ఎంత దూరమని? ఆ సిగ్గుతో నాకు ఏడేళ్ళు పట్టింది. వెళ్ళేసరికి పాక మీద పాదు ఉంది, పెద్దమ్మ లేదు. అంతకు ముందు వానాకాలంలోనే పోయిందట.

కోడలు నన్ను గుర్తుపట్టి పీట వేసింది. నేను తల వంచుకుని చిక్కుడు సంగతి ఎత్తగానే నవ్వేసింది. "ఆ సాయంత్రం అత్త ఏటి సేసిందో తెలుసా బాబూ? ఆ పళ్ళెం ఎట్టుకుని దిసారి ఇంటికెల్నాది." (దిసారి అంటే పండుగలకు మంచిరోజు చూసి చెప్పే పెద్ద.) "'కొత్త ఈ పూటే సేసెయ్యి, మా గుంటడు రేపు ఎల్లిపోతన్నాడు' అన్నాది. దిసారి నవ్వినాడు. 'నీ గుంటడి కోసం దేవత బేగి లేస్తాదేటే?' అన్నాడు. మరేటి సేత్తాది, తిరిగొచ్చేసినాది."

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"నేను సెప్తానన్నాను. 'వద్దే, తప్పు సేసేనని ఏడుత్తా ఎల్తాడు. కోపంగా ఎల్నీ' అన్నాది."

ఆ పళ్ళెం ఏమైందని అడిగాను.

"మేక తిన్నాది బాబూ. మేకకి కొత్త నేదు కదా!"

ఇప్పుడు అనకాపల్లిలో ఏ కొట్లో చూసినా పాస్తా పొట్లాలే. కార్తీకంలో బజారు నిండా చిక్కుడే. నేను మాత్రం ముట్టను. కొండ మీదికి ఫోన్ చేసి "కొత్త అయిందా వదినా?" అని అడుగుతాను. "అయినాది, తిను బాబూ" అంటేనే మా ఇంట చిక్కుడు కోస్తారు. ఆ రోజు వంట నాది. పుల్లలు విరిచే వేస్తాను. మొన్న నీళ్ళు మరిగేలోగా పాత సూచిక తీశాను. 'చిక్కుడు' ఎదురుగా రెండు పేజీల అంకెలున్నాయి. ఆ డైరీలు తెరిస్తే ఒక పేజీలో ఎర్రగీతలు, రెండో పేజీలో "భేష్". అంత అందమైన దస్తూరీతో తనను తాను మెచ్చుకున్న ఆ కుర్రవాణ్ణి కొట్టేద్దామని కలం తీశాను. చెయ్యి రాలేదు. చిన్నగా నవ్వొచ్చింది. కలం మూసి, గిన్నె దగ్గరికి వెళ్ళాను.